తవాంగ్ పద్దు

ఒక ఊరి గతం తెలియాలంటే అక్కడ ఏ రాజు ఏలాడని అడగడంకన్నా, పండిన గింజ ఎవరి గాదెకు పోయేది, ఎవరి మూట ఎవరు మోసేవారు అని అడగడం మేలు. తుడియలూరులో ఒక సహకార సంఘంలో ఎరువుల చిట్టా, రైతుల అప్పుల ఆవర్జా రాస్తూ ఉద్యోగం వెళ్ళదీసినవాణ్ణి. నా చూపు అటే పోతుంది. అరుణాచల్ ప్రదేశ్‌లోని తవాంగ్ జిల్లాకు మావాళ్ళంతా కలిసి వెళ్ళినప్పుడు మిగతావాళ్ళు మంచుకొండలకూ సరస్సులకూ ఫొటోలు తీసుకున్నారు. నేను మాత్రం దారి పొడుగునా పన్నుల గురించీ మోతల గురించీ ఆరా తీస్తూ వచ్చాను. “ఇంత దూరమొచ్చీ లెక్కలేనా బావా?” అని మా బామ్మర్ది ఎగతాళి చేశాడు. అవును, లెక్కలే. 1962 యుద్ధమంటే మనం విన్నదంతా తుపాకుల కథ. తవాంగ్ మన చేతికి ఎలా వచ్చింది, ఎందుకు చేజారింది, మళ్ళీ ఎలా నిలిచింది అన్న మూడు ప్రశ్నలకూ జవాబులు పన్నులోనూ మోతలోనూ ఉన్నాయి.

మాది కోయంబత్తూరుకు ఉత్తరాన, మేట్టుపాళయం రోడ్డు మీద ఉన్న ఊరు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. ఇదే రోడ్డు మీద కాస్త పైకి పోతే నరసింహనాయకన్‌పాళయం, పెరియనాయకన్‌పాళయం వస్తాయి. విజయనగరం వాళ్ళ కాలంలోనూ, మదురై నాయకుల కాలంలోనూ దక్షిణానికి దిగివచ్చిన తెలుగువాళ్ళు ఈ నేల మీద వదిలిన గుర్తులవి. రోడ్డు చివర నీలగిరి. కాబట్టి కొండదారి కింద కాపురముండటం మాకు పుట్టుకతో వచ్చిన అలవాటు. పోదనూరు నుంచి మేట్టుపాళయానికి రైలు పడింది 1873లో. మైదానం వాళ్ళు నీలగిరి అడుగుదాకా సుళువుగా చేరుకోవడం అప్పటినుంచే. సరిగ్గా అదే ఏడు, అదే బ్రిటిష్ ప్రభుత్వం, దేశానికి మరో మూల ‘బెంగాల్ ఈస్టర్న్ ఫ్రాంటియర్ రెగ్యులేషన్’ అని ఒక చట్టం తెచ్చింది. తేయాకు తోటల వాళ్ళు, వ్యాపారులు కొండజాతుల నేలలోకి చొరబడి తగాదాలు తెస్తున్నారని, అస్సాం మైదానానికీ కొండలకూ మధ్య ఒక గీత గీసి, అనుమతి చీటీ లేనిదే దాటకూడదన్నారు. ఆ చీటీయే నేటి ఇన్నర్ లైన్ పర్మిట్. భాలుక్‌పోంగ్ చెక్‌పోస్టులో మా చీటీలు చూపించి ముందుకు కదిలాం. ఇక్కడి కొండను రైలు పెట్టి తెరిచిన సర్కారే అక్కడి కొండకు గొళ్ళెం పెట్టింది. తవాంగ్ కథలో సగం ఆ గొళ్ళెం నుంచే పుట్టింది.

భాలుక్‌పోంగ్ నుంచి బొమ్డిలా, దిరాంగ్ మీదుగా సేలా కనుమకు ఎక్కాలి. మా నీలగిరిలో అన్నిటికన్నా ఎత్తయిన దొడ్డబెట్ట శిఖరం 2,637 మీటర్లు. సేలాలో రోడ్డే 4,170 మీటర్ల ఎత్తున పోతుంది. మా ఆవిడ కర్పూరం మూట ముక్కు దగ్గర పెట్టుకునే దారంతా కూర్చుంది. అక్కడ నాలుగడుగులు వేస్తే గుండె చప్పుడు చెవుల్లో వినిపిస్తుంది. ఆ ఎత్తులో పాతిక కిలోల మూట వీపున వేసుకుని నడవడమంటే ఏమిటో ఊహించుకున్నాక, ఇక్కడి చరిత్రలో మోతకు అంత విలువ ఎందుకో అర్థమైంది.

కనుమ దిగి, లోయ దాటి మళ్ళీ ఎక్కితే తవాంగ్ ఊరు, దానికి పైన పసుపు కప్పుల మఠం. సుమారు పదివేల అడుగుల ఎత్తున, కొండ కొమ్ము మీద కోటలాగే కట్టారు దాన్ని. 1680-81లో మెరాగ్ లామా లోడ్రే గ్యాత్సో స్థాపించాడు. అప్పటికి లాసాలో ఐదవ దలైలామా తన గెలుగ్ శాఖను బలపరుస్తూ టిబెట్ దేశాన్ని ఒక గొడుగు కిందికి తెస్తున్నాడు. ఆయన ఆశీస్సులతోనే ఈ మఠం లేచింది. లాసా దగ్గరి ద్రేపుంగ్ మహామఠానికి ఇది అనుబంధం. లోపల ఎనిమిది మీటర్ల బుద్ధ విగ్రహం, చుట్టూ భిక్షువుల ఇళ్ళు, గ్రంథాలయం, పొడుగాటి ప్రహరీ. మఠం కట్టిన కొద్ది కాలానికే, 1683లో, తవాంగ్‌కు దిగువన ఉర్గెలింగ్‌లో ఇక్కడి మోన్పా తెగవాళ్ళ ఇంట పుట్టిన పిల్లవాడు ఆరవ దలైలామా త్సాంగ్యాంగ్ గ్యాత్సో అయ్యాడు. ప్రేమపద్యాలు రాసిన దలైలామా ఆయనొక్కడే.

అంత పెద్ద మఠం గాలి భోంచేసి బతకదు కదా. చుట్టుపక్కల మోన్పా ఊళ్ళు ధాన్యం కొలిచి ఇచ్చేవి. మఠం వాటా మఠానిది. దాని పైన ఉత్తరాన త్సోనా జోంగ్‌లో కూర్చున్న టిబెట్ ప్రభుత్వ అధికారుల వాటా వేరే. జోంగ్‌పొన్ అనే ఆ అధికారులు ధాన్యంతో ఆగేవారు కాదు. లాసా సర్కారు మనుషులు దారిన పోతుంటే వాళ్ళ సామాను ఊరివాళ్ళు కూలి లేకుండా మోయాలి, గుర్రాలివ్వాలి. అక్కడ దాన్ని ‘ఊలా’ అనేవారు. తెలంగాణలో నిజాం కాలపు వెట్టిని ఎరిగిన వాళ్ళకు దాని గురించి విడమరిచి చెప్పక్కర్లేదు. భక్తితో మఠానికి ఇచ్చేది ఒక పద్దు, భయంతో జోంగ్‌కు ఇచ్చేది మరో పద్దు. ఈ రెంటినీ కలిపి చూసినవాళ్ళకు తవాంగ్ అర్థం కాదు.

ఇక గీత కథ. 1914లో సిమ్లా చర్చల సందర్భంగా బ్రిటిష్ ఇండియా విదేశాంగ కార్యదర్శి హెన్రీ మెక్‌మహన్, టిబెట్ ప్రతినిధి లోంచెన్ శాత్రా పటం మీద సరిహద్దు గీసుకుని కాగితాలు మార్చుకున్నారు. ఆ గీత ప్రకారం తవాంగ్ మన వైపు వచ్చింది. చైనా దాన్ని ఒప్పుకోలేదు. విచిత్రమేమంటే, గీసినవాళ్ళూ దాన్ని బీరువాలో పెట్టి మరిచిపోయారు. 1935లో మొక్కలు వెతుకుతూ తిరిగే కింగ్‌డన్-వార్డ్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు అనుమతి లేకుండా ఈ దారిన టిబెట్‌లోకి పోయాడని లాసా ఫిర్యాదు చేసింది. అసలు హద్దు ఎక్కడని ఢిల్లీలో ఓలఫ్ కారో అనే అధికారి పాత ఫైళ్ళు తిరగేస్తే గీత బయటపడింది. 1938లో కెప్టెన్ లైట్‌ఫుట్‌ను చిన్న దండుతో తవాంగ్‌కు పంపారు. టిబెట్ వాళ్ళు అక్కడ నిక్షేపంగా పన్ను వసూలు చేసుకుంటున్నారని ఆయన చూసి వచ్చి, మనం అక్కడ ఉండాలంటే ఏం చేయాలో రాసిచ్చాడు. అయ్యే ఖర్చు లెక్క చూసి పైవాళ్ళు వెనక్కి తగ్గారు. 1944లో జె.పి. మిల్స్ దిరాంగ్‌లో ఠాణా పెట్టడంతో సేలాకు దక్షిణాన టిబెట్ వసూళ్ళకు అడ్డు పడింది. కనుమకు ఉత్తరాన తవాంగ్‌లో మాత్రం పాత పద్ధతే నడిచింది. పటంలో గీత ముప్పై ఏళ్ళుగా ఉంది, పద్దులో లేదు. గింజ ఉత్తరానికి పోయినంత కాలం ఆ ఊళ్ళ దృష్టిలో సర్కారు ఉత్తరానే ఉంది.

ఆ పద్దు కొట్టేసినవాడు రాలెంగ్‌నావ్ ఖాథింగ్. బాబ్ ఖాథింగ్ అనేవారు. మణిపూర్‌లో ఉఖ్రుల్ ప్రాంతపు తాంగ్‌ఖుల్ నాగా. రెండవ ప్రపంచ యుద్ధంలో మిలిటరీ క్రాస్ పొందిన మేజర్. 1950 అక్టోబరులో చైనా సైన్యం టిబెట్‌లోకి దిగింది. 1951 జనవరిలో అస్సాం గవర్నర్ జైరామ్‌దాస్ దౌలత్‌రామ్ ఆదేశంతో ఖాథింగ్ సుమారు 200 మంది అస్సాం రైఫిల్స్ జవాన్లతో, వందల మంది మోతగాళ్ళతో అస్సాం మైదానంలోని చార్‌దువార్ నుంచి బయలుదేరాడు. నడిచింది చలికాలంలో, సేలా మీదుగా. ఫిబ్రవరి మొదట్లో తవాంగ్ చేరాడు. అక్కడ ఆయన పని తీరు నాలాంటి గుమాస్తాకు ముచ్చటేస్తుంది. కాల్పులు లేవు. తుపాకులు కనబడేలా ఒక కవాతు నడిపించాడు. తరవాత ఊరి పెద్దల్ని పిలిపించి, ఇక త్సోనా జోంగ్‌పొన్‌లకు పన్ను కట్టనక్కర్లేదు, వెట్టి మోత మోయనక్కర్లేదు అని చెప్పాడు. మఠం పెద్దల గౌరవానికి భంగం రానివ్వలేదు. లాసా నుంచి నిరసన వచ్చింది. బీజింగ్ మాట్లాడలేదు. 37 ఏళ్ళపాటు కాగితం మీదున్న హద్దు ఒక్క చలికాలంలో నేల మీదికి దిగింది. పాత బకాయి మాఫీ అని చెప్పినప్పుడు రైతు ముఖం ఎలా వెలుగుతుందో సంఘంలో నా కిటికీ ముందు చూసినవాణ్ణి గనక, ఆ సభలో మోన్పా పెద్దల ముఖాలు నాకు తెలిసినట్టే అనిపించాయి.

ఆ తరవాత 1959లో లాసాలో తిరుగుబాటు, దలైలామా పలాయనం. మార్చి 31న ఆయన హద్దు దాటి ఈ నేల మీదే అడుగుపెట్టారు. తవాంగ్ మఠంలో విడిది చేసి, బొమ్డిలా మీదుగా అస్సాంలోని తేజ్‌పూర్ దిగారు. ఆ వెంట వచ్చిన శరణార్థుల్లో కొందరు మైసూరు దగ్గర బైలకుప్పెలో స్థిరపడ్డారు. ఊటీలో ఉన్ని బట్టలమ్మే టిబెటన్ల బజారు మా వైపు వాళ్ళందరికీ తెలిసిందే. మా ఇంట్లో స్వెట్టర్లన్నీ అక్కడివే.

ఇప్పుడు 1962. ఆ ఏడు జూన్‌లో సరిహద్దు దగ్గరి థగ్లా శిఖరం కింద ధోలా అనేచోట మనవాళ్ళు ఠాణా పెట్టారు. సెప్టెంబరు 8న చైనా జవాన్లు శిఖరం దిగి దాన్ని చుట్టుముట్టారు. వాళ్ళను తరిమేయాలని ఢిల్లీ నిర్ణయించి, బ్రిగేడియర్ జాన్ దాల్వీ కింద ఉన్న 7వ బ్రిగేడ్‌ను నామ్‌కా చూ వాగు ఒడ్డుకు తోసింది. ఇక్కడ మళ్ళీ మోత లెక్క చూడండి. కింది నుంచి తవాంగ్ దాకా జీపు పోయే బాట అప్పుడప్పుడే పడుతోంది. తవాంగ్ దాటితే రోజుల తరబడి నడకే. తిండి, గుండ్లు, గుడారాలు మనుషులు మోయాలి, లేదా విమానం నుంచి జారవిడవాలి. జారవిడిచిన మూటల్లో చాలా భాగం లోయల్లోకి జారిపోయాయి. జవాన్లు నూలు బట్టల్లో, కాన్వాసు బూట్లతో, జేబులో యాభై తూటాలతో వాగు ఒడ్డున నిలబడ్డారు. అవతల చైనా తన లారీల రోడ్డును థగ్లా వెనక దాకా తెచ్చుకుంది. ఒక వైపు సరుకు చక్రాల మీద వస్తోంది, మరో వైపు వీపుల మీద. ఈ ఒక్క తేడా చాలు ఫలితం చెప్పడానికి. ధైర్యం ఎవరిది ఎక్కువన్న ప్రశ్నే రాదు.

అక్టోబరు 20 తెల్లవారుజామున దాడి మొదలైంది. 2వ రాజ్‌పుత్ పటాలం ఒక్కటే ఆ ఉదయం 282 మందిని పోగొట్టుకుంది. దాల్వీ 22న పట్టుబడ్డాడు. 23న తవాంగ్‌కు ఉత్తరాన బుమ్‌లా కనుమ దారిలో సుబేదార్ జోగీందర్ సింగ్ తన సిక్కు ప్లటూన్‌తో చివరిదాకా పోరాడి పరమవీర చక్ర పొందాడు. మనవాళ్ళు తవాంగ్ ఖాళీ చేసి సేలాకు జరిగారు. ఎదుటివాళ్ళు దాదాపు మూడు వారాలు ఆగి, బుమ్‌లా నుంచి తవాంగ్‌కు బాట వేసుకున్నారు. వాళ్ళకు కూడా ముందు కావలసింది రోడ్డే. నవంబరు 17న మళ్ళీ కదిలారు. ఆ రోజు నూరానాంగ్ దగ్గర 4వ గఢ్వాల్ రైఫిల్స్ దాడులను తిప్పికొట్టింది. అక్కడే అమరుడైన జస్వంత్ సింగ్ రావత్ పేర గుడి లాంటి స్మారకం ఉంది. దారిన పోయే వాళ్ళకు జవాన్లు టీ పోస్తారు. మేమూ తాగాం. ఆ రాత్రే సేలాను వదిలేశారు, మర్నాటికి బొమ్డిలా పోయింది. రక్షణ శాఖ తరవాత చెప్పిన లెక్క ప్రకారం యుద్ధం మొత్తంలో మనవాళ్ళు 1,383 మంది మరణించారు, 1,696 మంది జాడ తెలియలేదు, 3,968 మంది బందీలయ్యారు.

బొమ్డిలా పోయాక తేజ్‌పూర్ ఖాళీ అయిన తీరు ఖాతాలు రాసినవాడికి ఒళ్ళు జలదరించే సంగతి. శత్రువు చేతికి చిక్కకూడదని అక్కడి బ్యాంకులో నోట్లు తగలబెట్టారు, నాణేలు చెరువులో పోశారు. నోట్లు కాలుతుంటే పక్కన నిలబడి నంబర్లు రాసుకున్న గుమాస్తా ఎవరైనా ఉన్నాడా అని నేను చాలాసేపు ఆలోచించాను. నవంబరు 21న చైనా తనంతట తానే కాల్పులు ఆపి, డిసెంబరులో వెనక్కి మళ్ళింది.

ఆ యుద్ధం ఖర్చు మా కోయంబత్తూరు వీధుల దాకా వచ్చింది. జాతీయ రక్షణ నిధికి దేశమంతా బంగారం ఇచ్చారు. మా అవ్వ ఒక గాజు తీసి ఇచ్చిందని మా అమ్మ చెప్పేది. అంతకన్నా లోతుగా తగిలింది 1963 జనవరిలో వచ్చిన బంగారు నియంత్రణ. 14 క్యారట్లకు మించిన నగ కొత్తగా చేయకూడదన్నారు. నగల పనికి పేరుపడ్డ ఊరు కోయంబత్తూరు. నిప్పుల కుంపటి ముందు కూర్చుని బతికే కంసాలుల చేతిలో పని పోయింది. ఆ ఏడు పెళ్ళయిన మా చిన్నత్తకు కొత్త నగ చేయించకుండా అవ్వ మెడలో గొలుసే వేసి పంపారు. అత్త కాలం చేసేదాకా దాన్ని చెరిపించలేదు. ఎక్కడో పేరు తెలియని వాగు ఒడ్డున జరిగిన ఓటమి, తుడియలూరు పెళ్ళింట్లో తూకంలో తేలింది.

మా రోడ్డుకు మరో సంబంధమూ ఉంది. మేట్టుపాళయం దాటి కూనూరు ఎక్కితే వెల్లింగ్టన్. అక్కడి సైనిక స్టాఫ్ కాలేజీకి 1959 నుంచి కమాండెంట్ శామ్ మానెక్‌షా. పైవాళ్ళకు నచ్చని మాటలన్నాడని ఆయన మీద విచారణ నడిచి, నిర్దోషిగా తేలింది. ఓడిపోయిన సైన్యాన్ని మళ్ళీ నిలబెట్టమని 1962 డిసెంబరులో తేజ్‌పూర్‌లోని 4వ కోర్‌కు పంపింది ఆయన్నే. రాతపూర్వకంగా ఆజ్ఞ లేనిదే ఎవరూ వెనకడుగు వేయొద్దన్నది అక్కడ ఆయన పెట్టిన మొదటి కట్టడి. నోటి మాట మీద వెనక్కి నడిచిన సైన్యాన్ని కాగితంతో ఆపాడన్నమాట. చివరి రోజులు కూనూరులోనే గడిపి 2008లో వెల్లింగ్టన్ ఆస్పత్రిలో కన్నుమూశారు.

చైనా సైన్యం వెళ్ళిపోయాక మన అధికారులు తవాంగ్‌కు తిరిగి వచ్చారు. అది అంత సాఫీగా ఎందుకు జరిగింది? కాల్చి గెలుచుకున్న నేలను ఎవరూ ఊరకే వదలరు, వదిలిన కారణాలు బీజింగ్‌కు తెలియాలి. మోన్పా ఊళ్ళు మాత్రం జోంగ్‌పొన్‌ల రోజులు మరిచిపోలేదు. ఖాథింగ్ కొట్టేసిన పద్దు మళ్ళీ తెరుచుకోకపోవడమే వాళ్ళకు కావలసింది. సైన్యం పోగొట్టుకున్నదాన్ని పదకొండేళ్ళనాటి ఆ పన్ను రద్దు కాపాడిందని నేను నమ్ముతాను.

ఇక మోత సంగతి. సరిహద్దు రోడ్ల సంస్థ పుట్టింది 1960లో. తవాంగ్ దారి దాని తొలి పనుల్లో ఒకటి. ఓటమి తరవాత ఆ పని ఊపందుకుంది. అయినా సేలా మీద మంచు పడితే దారి మూసుకుపోయేది. 2024 మార్చి 9న కనుమ కింద సొరంగాలు ప్రారంభమయ్యాయి. ఒకటి 980 మీటర్లు, రెండోది 1,555 మీటర్లు. ఖర్చు 825 కోట్లు. వెళ్ళేటప్పుడు పాత దారిన కనుమ మీదుగా ఎక్కించమన్నాం, తిరిగి వచ్చేటప్పుడు సొరంగంలోంచి వచ్చాం. లైట్‌ఫుట్ కాలంలో ఖర్చెక్కువని మానేసిన పనికి దేశం చివరికి చెల్లించిన మొత్తంలో అదొక పద్దు మాత్రమే.

తవాంగ్‌లో నలభై అడుగుల స్తూపం ఆకారంలో యుద్ధ స్మారకం ఉంది. అప్పట్లో తవాంగ్ కూడా చేరి ఉన్న కామెంగ్ ప్రాంతంలో ప్రాణాలిచ్చిన 2,420 మంది జవాన్ల పేర్లు నల్లరాతి మీద పటాలాల వారీగా చెక్కారు; జాడ తెలియనివాళ్ళను కూడా కలుపుకుంటేనే ఈ లెక్క కుదురుతుంది. ఒక్కొక్క పేరే చదివాను. మా వాళ్ళు విసుగొచ్చి ముందుకు పోయారు. అది జవాన్ల గోడ, అలాగే ఉండాలి. కానీ 1951లో ఖాథింగ్ వెంట సేలా ఎక్కినవాళ్ళూ, 1962లో నామ్‌కా చూకు గుండ్లు మోసినవాళ్ళూ కూడా ఆ నేలకు అప్పు పెట్టినవాళ్ళే.

ఇక్కడ మా సంగతి చెప్పుకోకపోతే లెక్క తేలదు. విశ్వనాథ నాయకుడు 1529లో మదురైలో పాలన మొదలుపెట్టాక నేలను 72 పాళయాలుగా పంచి, ఒక్కొక్కదానికి ఒక పాళెగాణ్ణి పెట్టారు. పన్ను వసూలు చేయడం, దండును పోషించడం వాళ్ళ పని. దక్షిణాదికి వచ్చిన తెలుగువాళ్ళం పెళ్ళిళ్ళలో, కుల సభల్లో చెప్పుకునేది కత్తుల కథే. మోన్పా ఊళ్ళలో తిరుగుతుంటే, మా పెద్దలు ఆ పద్దులో ఏ వైపు కూర్చున్నారో తట్టింది. గింజ కొలిచి ఇచ్చిన వైపు కాదు, జోంగ్‌పొన్ వైపు. పాళెగాళ్ళను ఇంగ్లీషువాళ్ళు అణిచేశాక కత్తి పోయింది, వసూలు పోయింది. మరి మేం ఎలా నిలిచాం? నల్లరేగడిలో లోతుగా బావులు తవ్వి, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కంబోడియా పత్తి వేసి, 1932లో పైకారా కరెంటు వచ్చాక మోటార్లు బిగించి, మిల్లులు పెట్టి. వసూలు చేసేవాడు వచ్చిపోతాడు, బావి తవ్వినవాడు ఉంటాడు. తవాంగ్‌లోనూ ఇదే నడిచింది. త్సోనా జోంగ్ వసూలు చేసింది, పోయింది. రోడ్డు వేసినవాళ్ళు ఉన్నారు.

ఆ గోడ మీద పేరు లేని మోతగాళ్ళ కోసం చరిత్రకారులకు నాదొక మనవి. 1951 ప్రయాణంలో కూలి చెల్లించిన మస్టరు రోళ్ళు, 1962లో మోతగాళ్ళ హాజరు పట్టీలు సర్కారు ఆఫీసుల్లో ఏదో ఒక బీరువాలో ఉండే ఉంటాయి. కూలి ఇచ్చినచోట వేలిముద్ర ఉంటుంది, వేలిముద్ర పక్కన పేరు ఉంటుంది, ఊరు ఉంటుంది. జోంగ్‌పొన్‌లు వెట్టికి రశీదు ఇవ్వలేదు, మనవాళ్ళు కూలికి ఇచ్చారు. రెండు ప్రభుత్వాల మధ్య ఉన్న తేడాకు అంతకన్నా గట్టి సాక్ష్యం ఉండదు. ఆ పట్టీలు వెతికి అచ్చు వేసేవాళ్ళెవరైనా ఉంటే, కూడికలు సరిచూసే పని జీతం లేకుండా నేను చేసిపెడతాను.